వెంట వచ్చిన చిన్న దోనెలు

(డయోసీసు శతాబ్ది ఉత్సవాల సందర్భంగా తోట్లవల్లూరు సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



శతాబ్ది ఉత్సవాలు వచ్చినప్పుడు ప్రతి పాస్టరేటూ ఏదో ఒకటి చేయాలి గదా! కొందరు గుడికి సున్నం వేయించారు, కొందరు గంట స్తంభం కట్టించారు, కొందరు నాటకం ఆడించారు. మన యౌవనస్థులు మాత్రం మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మొదటి మిషనెరీ దొరలు పడవలమీద తిరిగి సువార్త చెప్పారంటారు గదా, ఆ దారిన మనమూ ఒకసారి పోయివద్దాం. తోట్లవల్లూరు రేవులో ఎక్కి హంసలదీవి దాకా పోదాం" అన్నారు. మాకు నలభై దాటినవి. చిన్నప్పుడు వచ్చిన ఈత మరచిపోయిన వయస్సు. అయినా పిల్లల ఉత్సాహం చూచి సరే అన్నాము. ఆ ప్రయాణాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు కోరారు. మేము చూడబోయినది ఒకటి, చూచి వచ్చినది మరొకటి. ఆ రెండూ మీ ముందుంచుతాము.

బయలుదేరే ముందు పుస్తకాలు తిరగేశాము. దైవశాస్త్ర కళాశాలలో పరీక్ష కోసం చదివిన సంఘ చరిత్రను ఏటి ఒడ్డున కూర్చుని చదివితే వేరుగా కనబడింది. చర్చి మిషనెరీ సొసైటీ వారు పంపగా రాబర్ట్ నోబుల్ దొరగారు, హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారు 1841లో బందరు చేరారు. నోబుల్ గారు 1843లో పాఠశాల తెరచి, మరల స్వదేశం ముఖం చూడకుండా 1865లో బందరులోనే కన్నుమూశారు. ఫాక్సు గారి పిలుపు వేరు. ఆయన తెలుగు నేర్చుకొని ఊళ్ళవెంట తిరిగి బోధించారు. 1845లో భార్యను పోగొట్టుకున్నారు. ఆరోగ్యం చెడి 1848లో ఇంగ్లండులో మరణించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏండ్లు.

ఇక్కడే మన పిల్లల ఊహకు మొదటి దెబ్బ తగిలింది. ఫాక్సు గారు తిరిగిన రోజుల్లో మనకు తెలిసిన ఈ కాలువలు లేవు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువల విస్తరణ ఆ తరువాతిది. కాబట్టి తొలి సువార్తికులకు గుర్రం, పల్లకీ, కాలినడక, ఏరు అడ్డం వచ్చిన చోట రేవు పడవ, ఇవే దిక్కు. కాలువలు పారిన తరువాతనే పడవ ప్రయాణం సులువైంది. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు దాకా దారి ఇచ్చింది. ఒకప్పుడు కాకినాడలో పడవ ఎక్కినవాడు కాలువల వెంటనే మద్రాసు చేరవచ్చును. ధాన్యం, ఉప్పు, కలప, పెండ్లివారు, బోధకులు, అందరికీ అదే బాట. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే మనుషులు గట్టుమీద నడుస్తూ మోకు భుజాన వేసుకొని పడవను లాగేవారు.

ఆ కాలువ ప్రయాణాలు ఆగిపోయి చాలాకాలమైంది. 2008లో కేంద్ర ప్రభుత్వం ఈ కాలువలను, కృష్ణా గోదావరుల భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. కాని మేము చూచినంతమట్టుకు కాలువనిండా గుర్రపుడెక్క, తల తగిలేంత తక్కువ ఎత్తున వంతెనలు. పడవకు దారి లేదు. అందుచేత ఏటినే నమ్ముకున్నాము.

ఏటి దారి సువార్తకంటె పాతది. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో వ్రాసిన పెరిప్లస్ అనే నావికుల గ్రంథంలో మసాలియా అనే సీమ, అక్కడ నేసే సన్నని బట్టలు కనబడతాయి. రెండవ శతాబ్దంలో టాలమీ పేర్కొన్న కంటకస్సిల మన ఘంటసాలయేనని చరిత్రకారులు చెబుతారు. 1611లో ఇంగ్లీషు వర్తకులు బందరులో దిగేనాటికి ఈ నీళ్ళమీద ఎన్ని తరాలు తెడ్డు వేశాయో లెక్కలేదు.

పాత దారులను మరల త్రొక్కి చూడాలనే కోరిక మన పిల్లలకే పుట్టినది కాదు. కెనడా దేశం 1967లో తన శతాబ్ది పండుగ చేసుకొన్నప్పుడు, పది జట్ల యువకులు పూర్వం తోళ్ళ వర్తకులు పోయిన నదుల వెంట దోనెలమీద బయలుదేరారు. రాకీ పర్వతాల దగ్గర మొదలుపెట్టి 104 దినములలో, అయిదు వేల కిలోమీటర్లకు పైగా పోయి మాంట్రియాలు నగరం చేరారు. దోనెలు నడవని చోట వాటిని భుజాలమీద మోసుకొని నడిచారు. అదే దేశంలో 1789లో అలెగ్జాండర్ మెకెంజీ అనే ఆయన ఒక మహానది వెంట ఉత్తర సముద్రం దాకా పోయాడు. ఇప్పుడు ఆ నదికి ఆయన పేరే ఉంది. మెకెంజీ ఆ నదిని కనుగొన్నాడని పుస్తకాల్లో వ్రాస్తారు. దాని ఒడ్డున పుట్టి పెరిగినవారికి అది ఎన్నడు తప్పిపోయింది గనుక! వారు దాన్ని దేచో అన్నారు. అంటే పెద్ద ఏరు అని అర్థం. ఆయనకు దారి చూపినవారూ, వేటాడి తిండి పెట్టినవారూ ఆ నేల ప్రజలే. ఈ మాట చదివినప్పుడు మాకు మెకెంజీ సంగతిగానే తోచింది. మన సంగతి కూడా అదేనని తెలియడానికి ఇంకా ఒక రాత్రి పట్టింది.

క్రిస్మసు పండుగ వెళ్ళిన తరువాత జనవరిలో ఒక తెల్లవారుజామున, రెండు నాటు పడవల్లో పన్నెండుమందిమి తోట్లవల్లూరు రేవు విడిచాము. ప్రార్థన చేశాము, పాట పాడాము, ఒడ్డున ఉన్నవారు చేతులు ఊపారు. గంట గడవకముందే మా అతిశయం అణగిపోయింది. ప్రకాశం బ్యారేజి దగ్గరే నీరు కాలువలకు మళ్ళుతుంది గనుక, వరదకాలం తప్పితే దిగువన నిండు ఏరు ఉండదు. మడుగుకూ మడుగుకూ నడుమ ఇసుక మేటలు. దిగి, పంచెలు ఎగగట్టి, మోకాటిలోతు నీళ్ళలో పడవలను త్రోశాము. కొన్నిచోట్ల నీరు పాదాలు తడిసేంతే. పూర్వులు నీళ్ళమీద పోయారనుకున్న దారిలో మేము ఇసుకమీద నడిచాము. పడవమీద కూర్చున్న కాలం తక్కువ, పడవను మోసిన కాలం ఎక్కువ.

మా పడవ నడిపిన పెద్దాయనకు చదువు లేదు. ఏరు మాత్రం ఆయనకు అచ్చు పుస్తకం. నీరు సన్నగా వణుకుతుంటే అడుగున ఇసుక దగ్గరగా ఉందని, నున్నగా నల్లగా ఉంటే లోతని గెడ వేయకముందే చెప్పేవాడు. పిల్లలలో ఒకడు సెల్ ఫోనులో పటం చూచి, "తాతా, పాయ కుడివైపు ఉంది" అన్నాడు. ఆయన నవ్వి, "అది నిరుటి ఏరు నాయనా. ఏరు ఏడాదికొక దారి మార్చుకుంటుంది. నిరుడు పోయిన దారినే పోతానంటే దిబ్బెక్కుతావు" అన్నాడు. ఆ మాట మా మనస్సులో నిలిచిపోయింది. పాత దారి వెదకడానికి వచ్చినవారికి పాత దారి లేదు. ఉన్నది ఏరు, దాన్ని ఎరిగిన మనుషులు.

మధ్యాహ్నం ఎండలో పడవ నీడన కూర్చుని సద్దిమూటలు విప్పినప్పుడు ఆయనే పాత సంగతులు చెప్పాడు. వెనుకటి రోజుల్లో తాటిమాను మొదలు తొలిచి దోనె చేసేవారట. ఒంటి దోనె చిన్న కదలికకే పొర్లుతుంది. బరువు వేయాలన్నా, పశువును దాటించాలన్నా రెండు దోనెలను ప్రక్కప్రక్కన పెట్టి, అడ్డకర్రలు వేసి కట్టేవారు. దాన్ని సంగడి అంటారు. మేము ఉలిక్కిపడ్డాము. పెరిప్లస్ గ్రంథంలో సంగర అనే పేరుతో, మానులను జతకట్టి చేసిన నావల ప్రస్తావన ఉంది. రెండు వేల ఏండ్లనాటి మాటకు దగ్గరి మాట ఆ పెద్దాయన నోట ఇంకా బ్రతికి ఉంది. స్నేహితుణ్ణి సంగడికాడు అనేదీ మన తెలుగే గదా.

ఆ సాయంత్రం మా పాస్టరేటులోనిదే ఒక లంకలో దిగాము. తోట్లవల్లూరు చుట్టుప్రక్కల లంకలు మీకు తెలియనివి కావు. పాములలంక, తోడేళ్ళదిబ్బలంక, ఇంకా కొన్ని. పసుపు, కంద, అరటి, చెరకు పండించే నేలలు. ఏరు వస్తే పాల క్యాన్లు, బడి పిల్లలు, పురిటి తల్లులు అందరూ పడవమీదనే ఒడ్డు చేరాలి. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ బ్యారేజి దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ లంకలు మునిగిపోయాయి. ఆ చిన్న ప్రార్థన మందిరం గోడమీద రెండు వరదల గుర్తులూ బొగ్గుతో గీసి ఉన్నాయి. రెండూ మా తలకంటె ఎత్తున ఉన్నాయి.

సంఘస్థులు సెల్ ఫోను దీపాల వెలుగులో మాకు వేడి అన్నం పెట్టారు. అప్పుడు ఒక పెద్దమ్మ మా విస్తరిలో మజ్జిగ పోస్తూ, "అయ్యగారూ, దొరగారి దారి వెదకను వచ్చారంట గదా. మంచి పనే. మరి మా దారి ఎప్పుడు వెదుకుతారు?" అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అంటే మేము ఏదో సమాధానం చెప్పుకొందుము.

ప్రియులారా, ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాము. ఆమె భర్త ముప్పై ఏండ్లు ఆ రేవులో పడవ వేసినవాడు. మాకంటె ముందు ఇక్కడ పనిచేసిన గురువులను, మమ్ములను, ఉపదేశులను, బైబిలు స్త్రీలను ఆయనే ఏరు దాటించాడు. ఎవరి దగ్గరా కేవు పుచ్చుకోలేదు. 2024 వరదకు ఆయన పడవ కొట్టుకుపోయింది. వరద తీసిన వారంలో మేము బియ్యం మూటలతో లంకకు పోయాము, ఫొటోలు తీయించుకున్నాము, తిరిగి వచ్చాము. అక్టోబరులో ఆయన మంచాన పడి, ప్రభురాత్రి భోజనం పుచ్చుకోవాలని కబురు పంపాడు. ఏరు ఇంకా తగ్గలేదు, నీరు తీసిన తరువాత వస్తామని మేము జవాబు పంపాము. ఏరు కారణమన్నది సగం నిజం. ఆ రెండు వారాలూ మాకు శతాబ్ది కమిటీ సమావేశాలున్నాయి. మూడవ వారంలో ఆయన ప్రభువునందు నిద్రించాడు. మందిరంలోని పెద్దలే సమాధి చేశారు. మమ్ములను ముప్పై ఏండ్లు దాటించినవాని కొరకు మేము ఒక్కసారి ఏరు దాటలేకపోయాము.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. మన వెస్ట్రీ గోడకు వ్రేలాడుతున్న పాత ఫొటో కళ్ళముందు మెదిలింది. పడవలో టోపీ పెట్టుకొని ఒక దొరగారు కూర్చున్నారు. గెడలు పట్టుకొని నలుగురు నిలుచున్నారు. క్రింద ఒక్క పేరే వ్రాసి ఉంది. ఎన్ని సంవత్సరాలుగా ఆ ఫొటో ప్రక్కన అంగీ తొడుక్కొంటున్నాము! ఆ నలుగురి పేర్లేమిటని ఒక్కసారీ అడగలేదు.

మార్కు సువార్త నాలుగవ అధ్యాయంలో యేసు ప్రభువు తుఫానును గద్దించిన సంగతి మీ అందరికీ కంఠోపాఠం. ఆ సాయంత్రం ప్రభువున్న దోనె వెంట మరికొన్ని దోనెలు కూడా బయలుదేరినవని మార్కు ఒక చిన్న మాట వ్రాశాడు. మేము ఆ భాగంమీద ఎన్నోసార్లు ప్రసంగించాము గాని, ఆ మాట దగ్గర ఆగలేదు. ఆ దోనెల్లో ఎవరున్నారు? వారి పేర్లు లేవు. గాలి వారిమీదా వీచింది. అలలు వారి దోనెల్లోనూ పడ్డాయి. వారి నడుమ నిద్రించుచున్న ప్రభువు లేడు, లేపి మొరపెట్టుకోవడానికి. అయినా పెద్ద దోనెలోని ప్రభువు లేచి గాలిని అణచినప్పుడు ఆ నిమ్మళం వారికి కూడా దక్కింది. ప్రభువు తన దోనె చుట్టూ ఉన్న నీటినే అణచలేదు, సముద్రమంతటినీ అణచాడు.

మన సంఘ చరిత్రను కూడా ఆ చిన్న దోనెల వైపునుండి చదివి చూడండి. నోబుల్ గారి బడిలోనుండి 1852లో బాప్తిస్మం పొందిన ఇద్దరు విద్యార్థులు మంచాల రత్నం గారు, ఐనాల భూషణం గారు. ఆ బాప్తిస్మంతో వారు ఇంటినీ కులాన్నీ విడువవలసి వచ్చింది. తరువాత ఇద్దరూ గురువులయ్యారు. బెజవాడలో డార్లింగ్ దొరగారు పనిచేస్తున్న కాలంలో రాఘవాపురం వెంకయ్య గారు సత్యదేవుని వెదకుతూ తానే ఆయన దగ్గరకు వచ్చి, 1859లో తన వారితో కూడా బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ ఊరినుండి సువార్త ఊరూరా ప్రాకింది దొరల పడవలమీద కంటె చుట్టాల కాళ్ళమీదనే. బిషప్ అజరయ్య గారు క్రొత్తగా బాప్తిస్మం పొందినవారిచేత తలమీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమయని పౌలువలె పలికించేవారు. ఒక్క గురువు తెడ్డుతో ఇంత పెద్ద నావ నడవదని ఆయన ఎరుగుదురు.

మరునాడు ఆ పెద్దమ్మ ఇంటిలో, మంచంమీద పరచిన తెల్ల దుప్పటి ముందు, లంక వారందరితో కలిసి ప్రభురాత్రి భోజన సంస్కారం జరిగించాము. ఆలస్యంగా ఇచ్చినదానికి ప్రాయశ్చిత్తం అది అని మేము అనుకోలేదు. ఆమె పాత్ర పుచ్చుకొని, "ఆయన ఉంటే మిమ్మల్ని ఆయనే దింపి వచ్చేవాడు" అన్నది. అంతే.

మిగిలిన ప్రయాణం క్లుప్తంగా చెబుతాము. నీరున్నచోట పడవ, లేనిచోట కరకట్టమీద నడక. పులిగడ్డ దగ్గర అక్విడక్టు క్రిందుగా పోయాము. దివిసీమకు కాలువ నీరు ఏటి పాయకు పైగా దానిమీద పోతుంది. అక్కడినుండి పోటు పాటుల లెక్క కావాలి, సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది. నాగాయలంక వారి ఇంజను పడవ తోడు తీసుకొని మూడవనాటి సాయంత్రం హంసలదీవి చేరాము. సముద్రం చాలా శాంతంగా ఉంది. ఈ తీరాన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద ఉప్పెన పడి ముప్పై వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా పోయారు. మన కుటుంబాలలో ఆ రోజు పోయినవారి పేర్లు ఇంకా పిల్లలకు పెట్టుకొంటున్నాము. ఒడ్డున మోకాళ్ళూని, మాకు తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించాము. లంక రేవు పడవవాని పేరు కూడా చెప్పాము.

తిరుగు ప్రయాణం బస్సులోనే. మూడు రోజుల దారి కొన్ని గంటల్లో ముగిసింది. పిల్లలు అలసి నిద్రపోయారు. మాకు సంగడి మాట గుర్తుకు వస్తూనే ఉంది. పట్టణపు సంఘం ఒక దోనె, లంక సంఘం ఒక దోనె. ఏది విడిగా పోయినా పొర్లుతుంది. అడ్డకర్ర వేసి కట్టడం మన చేతిలో పని.

కాబట్టి సంఘ పెద్దలను ఈ సభ ఎదుట రెండు సంగతులు వేడుకొంటున్నాము. మొదటిది, వెస్ట్రీలో ఒక పుస్తకం తెరిచాము. ఈ పాస్టరేటులో పడవ వేసినవారు, బండి తోలినవారు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు, మందిరానికి అలికి ముగ్గు వేసిన తల్లులు, మీ ఇండ్లలో ఎవరెవరున్నారో వారి పేర్లు వచ్చి వ్రాయించండి. మొదటి పేజీలో ఒక పేరు మేమే వ్రాశాము. ఆ ఫొటోలోని నలుగురి సంగతి ఎవరికైనా తెలిస్తే, ఆలస్యం చేయక చెప్పండి. తెలిసిన ముసలివారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రెండవది, ఏరు నిండినా ఎండినా, నెలకొక ఆదివారం లంకలో ప్రభురాత్రి భోజనం జరగాలి. ఏటి దాటింపు ఖర్చు సంఘపు పెట్టెలోనుండి ఇవ్వాలి. పడవవాని కేవు ఇక ధర్మానికి విడువరాదు. ఇది మా వంతు మాట. మేము తప్పితే ఈ సభలో ఎవరైనా లేచి అడగవచ్చును.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది. చోటు పదిమందికి ఉంది. రాదలచినవారు ముందుగా చెప్పండి. చెప్పులు చేత పట్టుకోవలసి ఉంటుంది.

ప్రభువు కృప మనకందరికీ తోడై యుండును గాక. ఆమేన్.